పాత జీపు రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించాక టెస్ట్ చేయడం ఎలా?

సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతుంటే బానెట్ ఎత్తుకుని నిలబడ్డ పాత జీపు ఒక్కటైనా కనిపిస్తుంది. ఆపి అడిగితే ఓనరు చెప్పేది ఒకటే, "కోర్ కొత్తదేనండీ, మొన్ననే వేయించాను." కోర్ అంటే రేడియేటర్ మధ్యలో నీళ్లు చల్లబడే ట్యూబుల జాలీ. కొత్తదే, కాదనను. టెస్ట్ చేయకుండా బిగించేశారు. ఒడిశా జయపురంలో ఇలాంటివి విప్పీ విప్పీ విసుగొచ్చి రాస్తున్నాను.

సైకిల్ పంపు, రబ్బరు బిరడాలు, క్లాంపులు, రేడియేటర్ మునిగేంత తొట్టి ఉంటే చాలు. నాకు మా ఆవుల కుడితి తొట్టే తొట్టి. గేజ్ మాత్రం టైర్ల షాపుది వద్దు, 4 పౌండ్లకి (చదరపు అంగుళం మీద పడే ఒత్తిడి) అందులో ముల్లు కదిలిందో లేదో కూడా తెలీదు. నేను పాత బీపీ మిషన్ గేజ్ వాడతాను. 300 మిల్లీమీటర్ల పాదరసం దాకా చూపిస్తుంది, అంటే దాదాపు 5.8 పౌండ్లు. 4 పౌండ్ల ఒత్తిడి దాకా ఆపే రేడియేటర్ మూత, అంటే క్యాప్, ఉన్న జీపుకి ముల్లు 207 దగ్గరుంటే సరి. 7 పౌండ్ల క్యాప్ బండికి ఇది పనికిరాదు, వేరే గేజ్ చూసుకోండి.

కోర్ ఇత్తడి ట్యూబులు, రాగి ఫిన్నులతోనే (ట్యూబుల మధ్య ఉండే పల్చటి రేకులు) వేయించండి. 3 వరసల ట్యూబులు చాలు. 4 వరసలైతే ఇంకా చల్లగా ఉంటుందంటారు గానీ, ఘాటీలో రెండో గేర్లో గాలి లాగేది ఫ్యానొక్కటే, అంత మందం కోర్‌లోంచి అది లాగలేదు. దానికన్నా ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు ఎవరూ పీకి పారేయకుండా చూసుకోండి.

ఇక అందరూ చెడగొట్టే పని, గాలి పెట్టడం. దయచేసి కంప్రెసర్ తగిలించకండి. టాప్ టాంకు (కోర్ పైన ఉండే నీళ్ల డబ్బా) ముందు రేకు 18 అంగుళాల పొడవు, 5 అంగుళాల ఎత్తు ఉందనుకోండి. 20 పౌండ్ల గాలి పెడితే దాని మీద పడే తోపు 8 క్వింటాళ్లు. ఆ రేకుని పట్టుకుని ఉన్నది వట్టి మాటు, అంటే టంకం అతుకు! ఒకసారి తొందరలో నేనే టైర్ల గాలి కొట్టాను, టాంకు కప్ప గొంతులా ఉబ్బి అంచు పొడుగునా ఊడిపోయింది.

కింది పైపూ పై పైపూ మూసి, క్యాప్ మూతిలోంచి సైకిల్ పంపుతో మెల్లగా ఎక్కించండి. బిరడా మూతి లోపలి గట్టు మీద కూర్చోవాలి. పైపైన పెడితే ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బుడగలొస్తాయి, మీరు కోర్ మీద నింద వేస్తారు. ముల్లు 5 నిమిషాలు కదలకుండా ఉందో చూసి, అప్పుడు ముంచండి. ముంచగానే ఫిన్నుల్లో ఇరుక్కున్న బుడగలు పైకొస్తాయి, అవి లీకు కాదు. బ్రష్షుతో తుడిచి ఆగండి. ఒకేచోట నుంచి దారం లాగినట్టు వరసగా వస్తే అదే లీకు. తడి మీద సుద్ద పట్టదు, గుర్తుకి అక్కడ అగ్గిపుల్ల గుచ్చండి.

చల్లగా పాసైందని సంబరపడకండి. ట్యూబులు ప్లేటులో దిగే చోట మాటు సరిగా పట్టకపోతే వేడికి ఇత్తడి సాగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే వేడినీళ్లు నింపి, కింద పాత పేపర్లు పరిచి, పైన గోనెసంచి కప్పి, అదే 4 పౌండ్లు మళ్లీ పెట్టండి. పేపర్ తడిస్తే దొరికినట్టే. గాలి పూర్తిగా వదలకుండా బిరడా లాగారో, ముఖం కాలుతుంది.

మాటు మళ్లీ వేసేటప్పుడు పక్క ట్యూబుల మీద తడిగుడ్డలు కప్పండి. 63 పాళ్ల తగరం ఉన్న టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది, ఒకటి అతికేలోపు రెండు ఊడతాయి.

క్యాప్ రబ్బరు గట్టిపడితే అదీ మార్చేయండి. దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, మంచి క్యాప్ ఉంటే 104 దాకా ఆగుతాయి. ఘాటీలో పొగ చూసి నన్ను తిట్టే ముందు క్యాప్ చూడండి, అదీ ఇంజన్ చల్లారాకే.