పువ్వు గీత తప్పిన కథ: నా సీఎన్‌సీకి కంప్యూటర్ ఎంపిక

బొబ్బిలిలో మా ఇంటి వెనుక షెడ్డులో చిన్న సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కేది) బిగించుకున్నాను. పనస చెక్క మీద లతలు చెక్కాలని ఆశ. వీణల ఊరు కదా! పాత డెస్క్‌టాప్‌లో యంత్రాన్ని నడిపే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ వేసి, ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్లు తగిలించే సాకెట్) నుంచి మోటార్లను తిప్పే డ్రైవర్ సర్క్యూట్లకు తీగలు కలిపాను. సగం పువ్వు అయ్యేసరికి గీత రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగేది. మోటార్లను, బెల్టులను అనుమానిస్తూ వారం వృథా చేశాను.

చివరికి కంప్యూటర్ వేళకు ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో కొలిచే లేటెన్సీ టెస్టు నడిపాను. 20 మైక్రోసెకన్లలోపు ఉంటే హాయి. నాది వీడియో తెరవగానే 300 దాటింది! ఈ పద్ధతిలో మోటారును ఒక్కో అడుగు కదిపే ప్రతి పల్సునూ (విద్యుత్ సంకేతాన్ని) కంప్యూటరే వేళకు పంపాలి; ఆలస్యమైతే మోటారు అడుగు తప్పవచ్చు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా డబ్బాది.

కొత్త కంప్యూటర్ కొనకుండా ఆర్డ్యునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో, మోటార్లను నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ ఎక్కించాను. పల్సుల లెక్క ఇప్పుడు దానిది. డెస్క్‌టాప్ బదులు పెట్టిన లాప్‌టాప్ యూఎస్‌బీ ద్వారా జీ-కోడ్ (యంత్రం ఎటు కదలాలో చెప్పే ఆదేశాలు) వరుసలు అందిస్తే చాలు. స్పిండిల్ (చెక్కే బిట్టును తిప్పే మోటారు) తిరగగానే ఒకటి రెండుసార్లు కనెక్షన్ తెగింది. విద్యుత్ అలజడిని ఆపే తొడుగున్న పొట్టి షీల్డెడ్ యూఎస్‌బీ కేబుల్ వేసి, స్పిండిల్ తీగకు దూరంగా కట్టాను. లాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్టింగు కూడా మార్చాను. నిన్న పువ్వు పూర్తయింది.