తొట్టిలో వాటర్ చెస్ట్‌నట్ పెంచే విధానం

చైనా వంటకాలలో కరకరలాడే తెల్లని ముక్కలుగా కనిపించే వాటర్ చెస్ట్‌నట్, మన పొలాల్లో కలుపుగా మొలిచే తుంగకు దగ్గరి చుట్టమైన ఎలియోకారిస్ డల్సిస్ అనే మొక్కకు బురదలో ఊరే గడ్డ. కొమ్ములుండే సింగాడా నీటిపై తేలే మరో మొక్క కాయ కనుక, దాని సాగు పద్ధతి దీనికి వర్తించదు.

ఈ మొక్కకు ఆకులుండవు; మీటరుకు పైగా ఎదిగే పచ్చని గొట్టాల వంటి కాడలే ఉంటాయి. కాడను వేళ్ళ మధ్య నొక్కితే లోపలి అడ్డుపొరలు టపటపమని చిట్లుతాయి. ఇది దుంపవేళ్ళతో వేగంగా పాకుతుంది కాబట్టి, పెరటి కొలను ఉన్నవారు కూడా నేరుగా అడుగుమట్టిలో నాటక, తొట్టిలో నాటి దానిని కొలనులో దించడమే మేలు.

ఎండ బాగా తగిలే చోట, రంధ్రాలు లేని వెడల్పాటి తొట్టిలో ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల మేర పొలం మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే నీరు కుళ్ళుతుంది. కొబ్బరిపొట్టు ఎక్కువగా ఉన్న నర్సరీ మిశ్రమమైతే పైకి తేలిపోతుంది. డబ్బాలో అమ్మే గడ్డలు ఉడికించినవి కనుక మొలకెత్తవు; తాజా గడ్డలనే తెచ్చి, మొలక పైకి ఉండేలా అయిదు సెంటీమీటర్ల లోతున నాటి, కాడలు జానెడు ఎదిగేదాకా మట్టిని బురదగా మాత్రమే ఉంచి, ఆ తరువాత అయిదు నుంచి పది సెంటీమీటర్ల నీరు నిలపాలి. మీటరు వెడల్పు తొట్టికి రెండు గడ్డలు చాలు. నాలుగు గప్పీ చేపలను వదిలితే దోమల బెడద ఉండదు.

పంటకు ఆరేడు నెలల వెచ్చని కాలం కావాలి కనుక, తెలుగునాట తొలకరికి నాటితే చలికాలంలో గడ్డలు చేతికి వస్తాయి. మొదటి నెలల్లో మొక్క పిలకలే వేస్తుంది, గడ్డలు ఊరడం పగటి పొద్దు తగ్గిన తరువాతే. అందుకే మధ్యలో తవ్వి చూడడం వల్ల వేళ్ళు తెగడం తప్ప ప్రయోజనం లేదు. కాడలన్నీ పండి ఎండిపోయాక నీరు తీసివేసి, రెండు మూడు వారాలు ఆగి, పార వాడకుండా చేత్తో బురద కెలికి గడ్డలు ఏరాలి.

నల్లని తొక్కను పళ్ళతో కొరికి తీయకూడదు. కలుషితమైన చెరువుల్లో పెరిగిన గడ్డల తొక్కకు ఫాసియోలాప్సిస్ బస్కీ అనే పేగుపురుగు పిల్లదశ అంటుకుని ఉండవచ్చు. బాగా కడిగి, కత్తితో చెక్కి, మరిగించి తినడం క్షేమం. ఉడికినా కరకర పోకపోవడం ఈ గడ్డ ప్రత్యేకత. మరుసటి ఏటికి నాటడానికి గాయాలు లేని పెద్ద గడ్డలను తొక్కతోనే తడి ఇసుకలో పాతిపెట్టి, నీడలో ఉంచాలి.