జిప్సీకి పెద్ద టైర్లు వేశాక వచ్చే సమస్యలు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మారుతి జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్15 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 15 అంగుళాలు). లెక్క ప్రకారం దాని ఎత్తు 668 మిల్లీమీటర్లు. ఆఫ్‌రోడింగ్ మొదలుపెట్టినవారు సాధారణంగా ముందు 215/75 ఆర్15కు, కొంతకాలం తర్వాత 235/75 ఆర్15కు మారుతుంటారు. వీటి ఎత్తులు దాదాపు 703, 733 మిల్లీమీటర్లు. అంటే 235 టైరు వేసినప్పుడు ఇరుసు నేల నుంచి 33 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. టైరు పైఅంచు కూడా అంతే మేర మడ్‌గార్డుకు దగ్గరవుతుంది. వెడల్పు మరో 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ జాగా కోసమే కమాన్ కట్టలు (బండి బరువును ఇరుసు మీద మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) మార్చడమో, షాకిళ్ళు (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకులు) పొడిగించడమో, ఇరుసు మీదికి కట్టలను ఎక్కించే స్ప్రింగ్ ఓవర్ పని చేయించడమో జరుగుతుంది. బండిని ఇలా ఎత్తు చేయడాన్నే లిఫ్ట్ అంటారు. ఆ మార్పు తర్వాత బండిలో కనిపించే లోపాలను, వాటి కారణాలను, సరిచేసే పద్ధతులను ఇక్కడ వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక చట్టపరమైన విషయం తెలిసి ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి మార్పు ఎంతవరకు అన్నది రవాణా శాఖ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. భారీగా మార్చిన బండిని రోడ్డు మీద నడపకుండా ట్రాక్ వరకు లారీ మీద తీసుకువెళ్ళడమే మేలు.

టైరు మడ్‌గార్డుకు గాని, కమాన్ కట్టకు గాని రాసుకుంటోంది

లిఫ్ట్ చేయించాం, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి దూరేంత జాగా కనిపిస్తోంది, అయినా గుంతలో దిగగానే రబ్బరు కోసుకుపోతోందన్న ఫిర్యాదు చాలా తరచుగా వినిపిస్తుంది. దీనికి మూలం ఒక అపోహలో ఉంది. లిఫ్ట్ అనేది బండి నిలబడి ఉన్నప్పటి ఎత్తును మాత్రమే మారుస్తుంది. కట్ట పూర్తిగా అణిగి ఇరుసు బంప్ స్టాపర్‌ను (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే దిమ్మెను) తాకే చోటు మాత్రం పాత చోటే. టైరుకు నిజంగా ఉన్న జాగాను ఆ చివరి స్థితిలోనే, అది కూడా స్టీరింగ్‌ను అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి కొలవాలి. చదునైన నేల మీద కొలిచిన జాగా దేనికీ రుజువు కాదు.

కొలిచే పద్ధతి శ్రమతో కూడుకున్నదే గాని కష్టమైనది కాదు. ఛాసిస్‌ను జాకీ స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, షాక్ అబ్జార్బర్లు విప్పి, కట్టలో మెయిన్ లీఫ్ ఒక్కటే ఉంచి తిరిగి బిగించాలి. ఆ తర్వాత చక్రం తొడిగి, ఇరుసు కింద జాకీ పెట్టి, ఇరుసు బంప్ స్టాపర్‌ను తాకేవరకు ఎత్తాలి. మొదట రెండు వైపులా సమానంగా ఎత్తి చూడాలి, ఆపైన ఒక వైపు మాత్రమే ఎత్తి రెండో వైపు వేలాడేలా వదిలి చూడాలి. ఇరుసు ఒకే ముక్క కావడం వల్ల ఒక వైపు లేచినప్పుడు ఆ వైపు టైరు పైభాగం లోపలికి వాలుతుంది, సమానంగా ఎత్తినప్పుడు తగలని చోట్లు ఈ భంగిమలో తగులుతాయి. మడ్‌గార్డు లోపలి అంచుకు తడి సుద్ద పూసి చక్రాన్ని చేత్తో తిప్పితే, ఎక్కడ రాసుకుంటోందో టైరు భుజం మీద తెల్లని గీతలు చూపిస్తాయి.

గీతలు మడ్‌గార్డు పైఅంచు దగ్గర పడితే బంప్ స్టాపర్‌ను అవసరమైనంత కిందికి పొడిగించాలి. ఈ స్థితిలో కనీసం 20 మిల్లీమీటర్ల జాగా మిగలడం మంచిది. పొడిగించిన కొద్దీ చక్రం పైకి వెళ్ళే ప్రయాణం తగ్గిపోతుంది కాబట్టి, ఆ నష్టం వద్దనుకునేవారు మడ్‌గార్డును కోసి అంచు మడిపించుకోవాలి, లేదా ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టే బాడీ లిఫ్ట్ చేయించుకోవాలి. ప్రయాణం తగ్గకుండా చివరి స్థితిలో జాగా పెంచేది ఈ రెండు పద్ధతులే. గీతలు ముందు బంపర్ మూలలోనో, మడ్‌గార్డు వెనక కింది భాగంలోనో పడితే అది స్టీరింగ్ తిప్పినప్పుడు వచ్చే రాపిడి. అక్కడ కోయక తప్పదు. టైరు లోపలి గోడ కమాన్ కట్టకు తగిలితే స్టీరింగ్ స్టాపర్ బోల్టును కొంచెం బయటికి తీసి తిరిగే కోణాన్ని తగ్గించాలి, లేదా బయటికి జరిగిన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములు వాడాలి. రిమ్ము బయటికి జరిగిన కొద్దీ స్టీరింగ్ మీద, హబ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది కాబట్టి, స్టాపర్ బోల్టుతో పని జరిగేటప్పుడు రిమ్ముల జోలికి పోనవసరం లేదు.

50, 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ విపరీతంగా ఊగుతోంది

పెద్ద టైర్ల జిప్సీకి వచ్చే లోపాలన్నిటిలో ప్రమాదకరమైనది ఇదే. ముందు చక్రాలు రెండూ ఎడమకూ కుడికీ కొట్టుకుంటాయి, స్టీరింగ్ చేతిలో నిలవదు, బండి దాదాపు ఆగేదాకా ఊపు తగ్గదు. ఆ క్షణంలో గట్టిగా బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి వేగాన్ని తగ్గనివ్వాలి. ఇలా ఒకసారి జరిగినా సరే, కారణం తేలేవరకు హైవే ఎక్కకూడదు.

చాలా గ్యారేజీల్లో దీనికి మొదటి మందుగా స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణచే చిన్న షాక్ అబ్జార్బర్) మారుస్తారు. కొత్త డ్యాంపర్ ఊపును కొన్నాళ్ళు అణచిపెడుతుంది, ఈలోపు అసలు లోపం ముదిరిపోతుంది. అందువల్ల డ్యాంపర్‌ను చివరికి వదిలి, తేలికైన పరీక్షల నుంచి మొదలుపెట్టాలి.

మొదట చక్రాలు చూడాలి. రిమ్ము లోపలి వైపు ఎండి అంటుకున్న నల్లరేగడి బురద ఒక్కటే బ్యాలెన్స్‌ను పాడుచేయడానికి సరిపోతుంది. ట్రాక్ నుంచి వచ్చాక బయటివైపు మాత్రమే కడిగితే ఇది కనబడదు. కడిగి, బ్యాలెన్స్ చేయించి, ముందు చక్రాలను వెనక్కి మార్చి నడిపినప్పుడు ఊపు పోతే లోపం చక్రాల్లోనే ఉందని అర్థం.

అప్పటికీ పోకపోతే ఇద్దరు మనుషులు కావాలి. బండి నేల మీదే ఉండగా, ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. రెండోవారు కింద పడుకుని డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ కదలికను చక్రాలకు చేర్చే కడ్డీ) చివరలు, టై రాడ్ (ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ) ఎండ్లు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు, కమాన్ కట్ట బుష్షులు ఒక్కొక్కదాని మీద చెయ్యి ఉంచి చూడాలి. ఆట (వదులు) ఉన్న జాయింట్ దగ్గర టక్కుమన్న చప్పుడు చెవికంటే ముందు వేళ్ళకు తెలుస్తుంది. అలా దొరికిన ప్రతిదాన్నీ మార్చాలి.

తర్వాత కింగ్ పిన్ (ముందు చక్రం ఎడమకూ కుడికీ తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగులు. ముందు భాగాన్ని ఎత్తి, టై రాడ్, డ్రాగ్ లింక్ విప్పి, నకిల్‌ను (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగాన్ని) చేత్తో తిప్పి చూస్తే అది కొంత బిగువుగా, ఒకే రీతిగా తిరగాలి. వేలితో తోస్తే తలుపులా జారిపోతోందంటే బేరింగ్ బిగువు పోయింది. కింగ్ పిన్ కింద ఉండే షిమ్‌లలో (పల్చటి లోహపు రేకుల్లో) పల్చటిదాన్ని తీస్తే బిగువు పెరుగుతుంది; బేరింగ్ గాడిలో గుంటలు పడి ఉంటే మాత్రం షిమ్ తీయడం వృథా, బేరింగే మార్చాలి. పాత టైరుతో బయటపడని ఈ అరుగుదల, బరువైన కొత్త టైరుతో ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇవన్నీ బాగున్నప్పుడు అనుమానించాల్సింది క్యాస్టర్ కోణాన్ని, అంటే కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలి ఉండే కోణాన్ని. జిప్సీలో ముందు కట్టకు షాకిల్ ముందు చివరన ఉంటుంది. దాన్ని పొడిగించగానే కట్ట ముందుకు వాలి, ఇరుసు కూడా ముందుకు తిరిగి, క్యాస్టర్ తగ్గిపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రాకపోవడం, తిన్నని రోడ్డు మీద బండి అటూ ఇటూ తిరగాడటం దీనికి తొలి గుర్తులు. ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప చీలిక (ఒక వైపు దళసరిగా, రెండో వైపు పల్చగా ఉండే ముక్క) పెట్టి దీన్ని సరిచేయవచ్చు. ఇరుసు కట్టకు పైన ఉన్న మామూలు అమరికలో చీలిక దళసరి వైపు ముందుకు ఉండాలి. స్ప్రింగ్ ఓవర్ అమరికలో దళసరి వైపు వెనక్కి ఉండాలి. ఈ దిశ తారుమారైతే ఉన్న కొద్దిపాటి క్యాస్టర్ కూడా పోతుంది. చీలిక పెట్టాక అలైన్‌మెంట్ చేయించి, టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) 2 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉండేలా చూసుకోవాలి. మరో మాట: షాకిల్‌ను 50 మిల్లీమీటర్లు పొడిగిస్తే బండి లేచేది అందులో సగమే. ఆ 25 మిల్లీమీటర్ల కోసం ఇన్ని కోణాలు చెడగొట్టుకోవడం కంటే, వంపు ఎక్కువగా ఉన్న కొత్త కట్టలు చేయించుకోవడమే సరైన మార్గమని నా నిశ్చితాభిప్రాయం.

స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ బండి ఒక పక్కకు లాగుతోంది

లిఫ్ట్ తర్వాత డ్రాగ్ లింక్ ఏటవాలుగా నిలుస్తుంది. కట్ట అణిగి లేచినప్పుడల్లా ఆ ఏటవాలు లింక్ నకిల్‌ను నెట్టడమో లాగడమో చేస్తుంది కాబట్టి, మనం స్టీరింగ్ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. రెండంగుళాల లోపు లిఫ్ట్‌లో ఇది ఓర్చుకోదగినంతే ఉంటుంది. స్ప్రింగ్ ఓవర్ చేసిన బండిలో మాత్రం లింక్‌ను నకిల్ పైభాగానికి చేర్చే హై స్టీర్ ఆర్మ్‌లు వేయక తప్పదు. ఖర్చు తగ్గుతుందని పాత డ్రాగ్ లింక్‌నే కాల్చి వంచి, జెడ్ ఆకారంలో వెల్డింగ్ చేసి తగిలిస్తున్నారు. బండి దిశ మొత్తం ఆధారపడిన ఆ ఒక్క కడ్డీలో వెల్డింగ్ అతుకు ఉండటాన్ని నేను ఏ పరిస్థితుల్లోనూ సమర్థించలేను.

ఒక వేగం దాటగానే నేల కింద నుంచి వణుకు వస్తోంది

వణుకు ఇంజన్ తిరుగుడును బట్టి కాకుండా బండి వేగాన్ని బట్టి మారుతుంటే, టైర్ల బ్యాలెన్స్ సరిగ్గా ఉంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ఇరుసుకు ఇంజన్ శక్తిని చేర్చే పొడవాటి కడ్డీని) చూడాలి. వెనక షాకిల్ వెనక చివరన ఉండటం వల్ల దాన్ని పొడిగించినప్పుడు డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ ఉండే గేర్ల గుండు) ముక్కు పైకి లేస్తుంది. షాఫ్ట్‌కు రెండు చివరలా ఉన్న క్రాస్ జాయింట్ల కోణాలు సమానంగా ఉంటేనే ఒకదాని ఒడిదుడుకును రెండోది రద్దు చేస్తుంది. ముక్కు లేచాక ఆ సమానత పోతుంది. ఫోన్‌లోని కోణమానిని ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే గేర్ పెట్టె) ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బిగించే పళ్ళెం) మీద ఒకసారి, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ మీద ఒకసారి ఉంచి చూస్తే తేడా తెలిసిపోతుంది. వెనక ఇరుసు కట్టకు పైన ఉన్న అమరికలో, దళసరి వైపు వెనక్కి ఉండేలా చీలిక పెడితే ముక్కు కిందికి దిగి రెండు ఫ్లాంజ్‌లూ సమాంతరమవుతాయి.

కోణాలు సరిగ్గా ఉన్నా వణుకు పోకపోతే, షాఫ్ట్‌ను విప్పినప్పుడు జారే భాగాన్ని పాత గుర్తులకు ఎదురుగా కాకుండా ఒకటి రెండు పళ్ళు తప్పించి ఎక్కించారేమో చూడాలి. రెండు చివరల యోక్‌లు (క్రాస్ జాయింట్‌ను పట్టి ఉంచే పంగలు) ఒకే వరుసలో ఉండాలి. విప్పే ముందు సెంటర్ పంచ్‌తో రెండు చుక్కలు పెట్టుకుంటే ఈ చిక్కే రాదు. స్ప్రింగ్ ఓవర్ తర్వాత చక్రం పూర్తిగా వేలాడినప్పుడు షాఫ్ట్ జారే భాగం బయటికి ఊడి వచ్చేంత దూరం పోతుంది కాబట్టి, లేత్ మీద చేసిన స్పేసర్ వేయాలి, లేదా షాఫ్ట్‌నే పొడిగించాలి.

చక్రం వేలాడినప్పుడు దడేల్‌మని చప్పుడు వస్తోంది

పాత షాక్ అబ్జార్బర్ పొట్టిదైపోయి, కట్టను ఆపే పని అది చేస్తోంది. త్వరలో దాని కన్ను విరుగుతుంది. కొత్తవి కొనేముందు చక్రం పూర్తిగా వేలాడినప్పుడూ, బంప్ స్టాపర్‌ను తాకినప్పుడూ రెండు బిగింపు రంధ్రాల మధ్య దూరం కొలవాలి. సాగినప్పటి పొడవు మొదటి కొలత కంటే కొంచెం ఎక్కువగా, ముడుచుకున్నప్పటి పొడవు రెండో కొలత కంటే కొంచెం తక్కువగా ఉన్న షాకులే సరిపోతాయి. లిఫ్ట్ ఎన్ని అంగుళాలో చెప్పి కొంటే సగం సందర్భాల్లో తప్పుడు పొడవే చేతికి వస్తుంది.

రాళ్ళ మీద ఎక్కేటప్పుడు వెనక ఇరుసు గెంతుతోంది

స్ప్రింగ్ ఓవర్ అమరికలో ఇరుసును తిప్పే బలానికి (టార్క్) మెత్తని కట్ట ఎస్ ఆకారంలో మెలికపడి ఒక్కసారిగా విడుదల కావడం వల్ల ఇలా జరుగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండల మీద పట్టు ఎక్కువ కాబట్టి అక్కడ ఇది ముందుగా కనిపిస్తుంది. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, ఇరుసు నుంచి ఛాసిస్‌కు ఒక ట్రాక్షన్ బార్ (ఇరుసు మెలికపడకుండా ఆపే కడ్డీ) వేయించాలి. దాని ముందు చివరన షాకిల్ ఉండాలి, లేకపోతే అది ఇరుసు కదలికనే కట్టేస్తుంది.

బ్రేకు ఒక పక్కకు పట్టడం, డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా మారడం

ఈ రెండూ గొట్టాల పొడవుకు సంబంధించినవి. చక్రం పూర్తిగా వేలాడి, స్టీరింగ్ చివరి దాకా తిరిగి ఉన్నప్పుడు కూడా బ్రేకు గొట్టం వదులుగా ఉండాలి. తీగలా బిగుసుకుంటుంటే పొడవైన గొట్టం వేయాలి, లేదా ఛాసిస్ మీది బ్రాకెట్‌ను కిందికి దింపాలి. వెనక ఇరుసుకు లోడ్ సెన్సింగ్ వాల్వ్ (బండి మీది బరువును బట్టి బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వ్) ఉన్న బండిలో, లిఫ్ట్ తర్వాత ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందని భావించి వెనక బ్రేకు ఒత్తిడిని తగ్గిస్తుంది. దాని కడ్డీ బ్రాకెట్‌ను లిఫ్ట్ చేసినంత మేర సరిచేయాలి. ఇరుసు గాలి గొట్టం చాలక ఊడిపోతే, వేడెక్కిన ఇరుసు వాగులో దిగి చల్లబడగానే నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పాలరంగు ఆయిల్‌ను వెంటనే తీసేసి, కొత్తది పోసి, గాలి గొట్టాన్ని ఇంజన్ గది పైభాగం వరకు పొడిగించాలి.

పికప్ తగ్గింది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తోంది

ఇది లోపం కాదు. 235 టైరు అసలుదానికంటే దాదాపు 10 శాతం పెద్దది కాబట్టి మీటరులో 60 ఉన్నప్పుడు బండి 66 దగ్గర పోతుంది, ప్రతి గేరూ అంతే మేర బరువెక్కుతుంది. ఘాట్ రోడ్డులో ఒక గేరు కింద నడపడానికి అలవాటు పడాలి, లేదా ట్రాన్స్‌ఫర్ కేస్‌లో వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్ సెట్ వేయించాలి.

పై పనుల్లో ఏది చేసినా, విప్పిన యూ బోల్టుల స్థానంలో కొత్తవే వేయాలి. మొదటి 100 కిలోమీటర్లు నడిపాక బండి బరువు చక్రాల మీద ఉండగానే వాటి నట్లనూ, షాకిల్ బోల్టులనూ, చక్రాల నట్లనూ టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాలి.