మాస్టొడాన్‌కు మారేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత

ఎక్స్ (ట్విట్టర్) లాంటి సైటు వదిలి, అలాగే పోస్టులు రాసుకునే మాస్టొడాన్‌కు మారుతుంటే, పాత ఖాతా మూసేయడం ఆఖరి పని. ముందు దాని సెట్టింగ్స్‌లో మీ డేటా ఆర్కైవ్ కోసం అభ్యర్థన పెట్టండి. ఫైలు సిద్ధం కావడానికి ఒక్కోసారి రోజు దాటుతుంది. అది దించుకుని, తెరిచి, రాతలూ ఫొటోలూ ఉన్నాయని కళ్లారా చూసుకున్నాకే మిగతాది.

తర్వాత సర్వర్ ఎంచుకోవాలి. మాస్టొడాన్ అంటే ఒకే సైటు కాదు. వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ప్రమాణం ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అందుకే చిరునామా @పేరు@సర్వర్ అన్నట్టు ఉంటుంది. ఎక్కడ చేరినా మిగతా సర్వర్లవాళ్లను ఫాలో కావచ్చు కనుక, జనం ఎక్కడ ఎక్కువున్నారన్నది అంత ముఖ్యం కాదు. ఎవరు నడుపుతున్నారన్నదే ముఖ్యం. అబౌట్ పేజీలో నిర్వాహకులెవరో, నియమాలేమిటో చదవండి. బ్లాక్ చేసిన సర్వర్ల జాబితా పెట్టి ఉంటే అదీ చూడండి. మీ స్నేహితుల సర్వర్ అందులో ఉంటే మీ మాట వాళ్లకు చేరదు.

చాలామంది వెనక్కి వెళ్లిపోయేది మొదటి వారంలోనే. హోమ్ ఖాళీగా కనబడుతుంది, ఎవరూ లేరనుకుంటారు. నిజానికి మీకు ఏం చూపించాలో నిర్ణయించే అల్గారిదం ఇక్కడ లేదు. మీరు ఫాలో అయినవాళ్ల పోస్టులే, వాళ్లు బూస్ట్ చేసినవే (అంటే తమ ఫాలోవర్లకు మళ్లీ పంచినవే), సమయం వరుసలో వస్తాయి. పైగా ఒక సర్వర్‌కు ప్రధానంగా తన సభ్యులు ఫాలో అవుతున్నవాళ్ల పోస్టులే చేరుతాయి. చిన్న సర్వర్‌లో ఉండి వేరేచోటివాళ్ల ప్రొఫైల్ తెరిస్తే పాత పోస్టులు కనబడకపోవడానికి కారణం ఇదే. వాళ్ల అసలు సర్వర్‌లో ఆ పేజీ తెరిస్తే కనబడతాయి. కాబట్టి మొదట్లో ధారాళంగా ఫాలో అవ్వండి, నచ్చనివి తర్వాత తీసేయొచ్చు. హ్యాష్‌ట్యాగ్‌లను కూడా ఫాలో కావచ్చు. మీ పోస్టుల్లోనూ అవి పెట్టండి. అన్ని సర్వర్లలో పూర్తి పాఠం వెతికే సౌకర్యం ఉండదు, ఉన్నచోట కూడా రాసినవాళ్లు అనుమతిస్తేనే వాళ్ల పోస్టు దొరుకుతుంది. ప్రొఫైల్‌కు ఫొటో, రెండు వాక్యాల పరిచయం, నాలుగైదు పోస్టులు ఉంటే తిరిగి ఫాలో అయ్యేవాళ్లు పెరుగుతారు.

ప్రైవేట్ మెన్షన్‌లో, అంటే పేరు రాసినవాళ్లకే వెళ్లే సందేశంలో, రహస్యాలు రాయొద్దు. అవి ఎన్‌క్రిప్ట్ కావు (ఇతరులు చదవలేని సంకేతాలుగా మారవు), నిర్వాహకులు తలుచుకుంటే చదవగలరు. ఇంకో ప్రమాదముంది: అందులో మూడో మనిషి గురించి చెబుతూ వాళ్ల పేరు @తో రాస్తే, ఆ సందేశం వాళ్లకూ వెళ్తుంది.

సర్వర్ నచ్చకపోతే మారడం తేలికే, కానీ వరుస తప్పకూడదు. కొత్త ఖాతా సెట్టింగ్స్‌లో ముందుగా పాత మాస్టొడాన్ చిరునామాను అలియాస్‌గా, అంటే అదీ మీదేనని చెప్పే మారుపేరుగా, చేర్చాలి. ఆ తర్వాతే పాత ఖాతాలోకి వెళ్లి తరలింపు మొదలుపెట్టాలి. అలియాస్ లేకుంటే తరలింపు ముందుకు సాగదు. ఫాలోవర్లు వాటంతటవే వస్తారు. పోస్టులు రావు. మీరు ఫాలో అవుతున్నవాళ్ల జాబితా, బ్లాక్‌లు, బుక్‌మార్క్‌లు సీఎస్‌వీ ఫైళ్లుగా (పట్టికలా ఉండే మామూలు టెక్స్ట్ ఫైళ్లు) ఎగుమతి చేసి కొత్తచోట దిగుమతి చేసుకోవాలి. మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి.

ఈ తరలింపు జరగాలంటే రెండు సర్వర్లూ నడుస్తూ ఉండాలి. నడిపేవాళ్లకు డబ్బో ఓపికో అయిపోయి సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే ఫాలోవర్లను తెచ్చుకునే దారి ఉండదు. అప్పుడు చేతిలో మిగిలేవి ఆ సీఎస్‌వీ ఫైళ్లే. అందుకని మారే ఆలోచన లేకపోయినా నెలకోసారి దించి పెట్టుకోండి.