బ్లెండర్‌లో పెట్టిన బొమ్మ ఫోన్ వీడియో మీద జారిపోతుంటే: నా అనుభవం

యూట్యూబ్ పాఠాలు చూసి బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లో కెమెరా ట్రాకింగ్ (వీడియోలో కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టడం) నేర్చుకునేవాళ్లు చాలామంది అడిగేదే ఇది: పాఠంలో నేలకి అతుక్కుని నిలబడే బొమ్మ మన వీడియోలో మాత్రం మెల్లగా జారిపోతుంది. ట్రాకర్లు (వీడియోలో వెంబడించే గుర్తులు) పెంచడం, ఫోకల్ లెంగ్త్ మార్చడం, మళ్లీ మళ్లీ సాల్వ్ (ఆ గుర్తుల నుంచి కెమెరా కదలికని లెక్కించే బటన్) కొట్టడం, నాకు ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతి, చాలా ఫోన్లు వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో తీస్తాయి, అంటే ఫ్రేముల మధ్య వ్యవధి ఒకేలా ఉండదు. అందుకని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్ తెరిచి ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, దాని కిందే ఉన్న కాన్‌స్టంట్ ఎంచుకుని ఫైలు మార్చాను. తర్వాత బ్లెండర్‌లో సీన్ ఫ్రేమ్ రేట్‌ని 24 నుంచి 30కి మార్చి, ఆ ఫైలుని వీడియో సీక్వెన్సర్‌లో వేసి, ఫ్రేముకో పీఎన్‌జీ ఫొటో చొప్పున ఒక వరుసగా రెండర్ చేశాను (ఇక్కడ రంగుల సెట్టింగ్ అయిన వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ని స్టాండర్డ్‌లో పెట్టండి, లేదంటే రంగులు పాలిపోవచ్చు). ఆ వరుసనే మూవీ క్లిప్ ఎడిటర్‌లో తెరిచి, సెట్ సీన్ ఫ్రేమ్స్ నొక్కి, కొత్తగా ట్రాక్ చేసి సాల్వ్ కొడితే ఎర్రర్ 1 పిక్సెల్ లోపుకి దిగింది, బొమ్మ కదల్లేదు!

అందరికీ ఇదే మందు అనలేను. ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉండగా తీసిన షాట్లకీ, బ్లర్ ఎక్కువున్నవాటికీ ఇది సరిపోకపోవచ్చు, వీలైతే స్టెబిలైజేషన్ ఆపి మళ్లీ తీయడమే మేలు.