సెయింట్ బర్తోలోమ్యూ ది గ్రేట్: ఈ చర్చిని ఎలా చూడాలి

లండన్‌ స్మిత్‌ఫీల్డ్‌లోని ఈ చర్చికి వెళ్తే వీధి ద్వారం దగ్గరే కాసేపు ఆగండి. పైనున్న కలప ఇల్లు 1595 నాటిది. కింది రాతి కమాను 13వ శతాబ్దానిది. ఒకప్పుడు అది చర్చి పడమటి తలుపు. అక్కడి నుంచి మీరు నడిచే బాట పక్కనున్న ఖాళీ స్థలమంతా అప్పట్లో చర్చి లోపలి భాగమే.

1123లో రాజాస్థానానికి చెందిన రాహిర్ అనే ఆయన ఇక్కడ అగస్టీనియన్ (సెయింట్ అగస్టీన్ నియమాలు పాటించే క్రైస్తవ సన్యాసుల) మఠాన్ని, పక్కనే ఆసుపత్రిని స్థాపించాడు. ఆసుపత్రి నేటికీ నడుస్తోంది. 1539లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ హయాంలో మఠం మూతపడ్డాక పొడవాటి పడమటి మండపాన్ని కూల్చేశారు. మఠవాసులు ప్రార్థించే తూర్పు భాగం పేటవాసుల చర్చిగా మిగిలింది. ముఖమండపం పోయి గర్భాలయం మిగిలిన గుడి లాంటిదన్నమాట. బాటను అడుగులతో కొలుస్తూ నడవండి, పోయినది ఎంతో తెలుస్తుంది.

లోపలికి వెళ్లాక కళ్లు మసక వెలుతురుకు అలవాటు పడేదాకా కూర్చోండి. లావాటి గుండ్రని స్తంభాలు, వాటిపై అర్ధవృత్తపు కమానులు నార్మన్ పద్ధతివి, అంటే ఇంగ్లండ్‌లో 11, 12 శతాబ్దాల కట్టడ శైలివి. తర్వాత మధ్య కూడలిలో నిలబడి తలెత్తండి. తూర్పు, పడమర కమానులు గుండ్రంగా ఉంటాయి. ఉత్తర, దక్షిణాలవి మొనదేలి ఉంటాయి. అర్ధవృత్తం ఎత్తు దాని వెడల్పులో సగమే. ఇరుకుగా ఉన్న ఉత్తర, దక్షిణ వైపుల కూడా అదే ఎత్తు అందుకోవాలంటే కమానుకు మొన పెట్టాలి. కట్టడాల పనిలో బతికిన నాకు ఇక్కడ అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఆ మేస్త్రీల లెక్క కళ్లెదుటే కనిపిస్తుంది.

దక్షిణం వైపు పై అంతస్తులో, బయటికి పొడుచుకొచ్చిన కిటికీ ఉంది. 16వ శతాబ్దపు మఠాధిపతి బోల్టన్ కట్టించినది. కింద బాణం (బోల్ట్) గుచ్చిన పీపా (టన్) బొమ్మ ఆయన పేరును సూచించే చిహ్నం. దానికి ఎదురుగా, బలిపీఠానికి ఉత్తరాన రాహిర్ సమాధి.

అన్నీ పాతవేనని నమ్మవద్దు. మఠం పోయాక చర్చికి ఉత్తరాన అడ్డంగా పొడుచుకొచ్చిన రెక్కలో కమ్మరి కొలిమి నడిచింది. తూర్పు చివరి మేరీ మాత ప్రార్థనా మందిరం ముద్రణాలయమైంది. 1725లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడ పనిచేశాడు. 19వ శతాబ్దం చివర వాస్తుశిల్పి ఆస్టన్ వెబ్ చాలా భాగం పునరుద్ధరించాడు. కాబట్టి రాయి మరీ నున్నగా కనిపిస్తే అనుమానించండి.

ప్రార్థనలు లేని వేళ చూసుకుని వెళ్లండి. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, పై చెక్కడాలు దానితోనే తెలుస్తాయి.