ఊరు మారాక కొత్త క్రైస్తవ సంఘంలో చేరడం ఎలా?

పెళ్ళయి అత్తారింటికి వెళ్ళినా, ఉద్యోగం బదిలీ అయినా, చెరువుల పనికి కుటుంబమంతా కదిలినా మొదట అద్దె ఇల్లు, పిల్లల బడి, గ్యాస్ చూసుకుంటాం. సంఘం సంగతి "మెల్లగా చూద్దాంలే" అంటాం. ఆ మెల్లగా ఆరు నెలలవుతుంది. ఈలోగా ఆదివారం ఫోన్‌లో వాక్యం పెట్టుకుని కూర తరుక్కోవడం అలవాటైపోతుంది. కొందరిలా కూడుకోవడం మానొద్దని హెబ్రీ పత్రిక 10:25లో రాసింది ఇలాంటి అలవాటు గురించే.

కావలసినవి నాలుగు: బైబిలు, కీర్తనల పుస్తకం, బాప్తిస్మం సర్టిఫికెట్ నకలు, పాత సంఘం ఇచ్చిన సిఫారసు ఉత్తరం. బైబిలు అచ్చు పుస్తకమే ఉండాలి. ఫోన్ తెరిస్తే వాక్యం కంటే ముందు వాట్సాప్ కనబడుతుంది.

సంఘం నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. సఖినేటిపల్లిలో ఇల్లు పెట్టుకుని నరసాపురం మందిరానికి వెళ్దామనుకుంటే, గోదావరికి వరదొచ్చిన వారాల్లో నది దాటించే పంటు ఆగిపోతుంది, ఆరాధనా ఆగిపోతుంది. పట్నంలోని పెద్ద మందిరంలో పాటలు బాగుంటాయి, నిజమే. కానీ మూడు వారాలు రాకపోయినా అక్కడ అడిగేవాళ్ళు ఉండరు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థనకు రాగలిగేది పక్క వీధి పాస్టరు గారే. వాక్యం బైబిలు విప్పి చెబుతున్నారా, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం, క్రమంగా జరుగుతోందా, కానుకల లెక్క సంఘం ముందు చదువుతున్నారా చూడండి. ఇది తేల్చుకోవడానికి నాలుగు ఆదివారాలు చాలు. అంతకు మించి తిరిగేవాళ్ళు చివరికి ఎక్కడా చేరరు.

మొదటి ఆదివారం పది నిమిషాలు ముందే వెళ్ళండి. మూడో వరసలో కూర్చోండి. గుమ్మం పక్కన కూర్చుంటే ఆశీర్వాదం కాకముందే కాళ్ళు బయటికి లాగుతాయి. కొత్తవాళ్ళను లేవమంటే పేరు, ఊరు, పాత సంఘం చెప్పి "వందనాలు" అని కూర్చోండి, చాలు.

ఇక ఉత్తరం. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబేను చేర్చుకోమని పౌలు రాసింది సిఫారసే. మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో ఇండియాకు వచ్చి నరసాపురం ప్రాంతంలో మొదలుపెట్టిన పరిచర్య నుంచి పుట్టిన సహవాసాల్లో రొట్టె విరిచే ముందు ఇలాంటి ఉత్తరం పైకి చదువుతారు. అందులో పేరు, బాప్తిస్మం తేదీ, బల్లలో పాలు పొందుతున్నారా, ఏ పరిచర్య చేశారు అన్నవి ఉండాలి. పాస్టరు గారితో పాటు సంఘ పెద్ద ఒకరు సంతకం పెట్టాలి.

ఉత్తరం లేకుండా వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మర్చిపోయి రారు, అడగలేక వస్తారు. కమిటీలో మాటా మాటా పెరిగి ఉంటుంది, లేదా మందిరం కట్టడానికి ఇస్తామన్న కానుక బాకీ ఉంటుంది. ఆ గొడవను కడుపులో పెట్టుకుని కొత్త సంఘంలో బల్ల దగ్గరికి వెళ్ళకండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23, 24లో ప్రభువు వరస చెప్పాడు. ఆ వరస తిప్పకూడదు.

గొడవపడ్డవాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళండి. ఫోన్ వద్దు, గ్రూపులో క్షమాపణ అసలే వద్దు. ఆదివారం కాకుండా వారం మధ్యలో, సాయంత్రం, ఒక్కరే వెళ్ళండి. "అయ్యగారూ, ఆ రోజు కమిటీలో మీ మీద గొంతు పెంచాను. తప్పు నాది. క్షమించండి." అక్కడ ఆగిపోండి. ఆ తర్వాత "కానీ మీరు కూడా..." అన్నారంటే వెళ్ళిన పని చెడినట్టే. బాకీ ఉంటే తీర్చండి, లేదా ఏ తేదీకి తీరుస్తారో చెప్పండి. అప్పటికీ కుదరకపోతే, రెండోసారి మత్తయి 18:16 ప్రకారం ఒకరిద్దరు పెద్దలను వెంటబెట్టుకోండి.

తప్పు అటువైపే ఉంటే, కానుకల డబ్బు తినేశారనో మరో అన్యాయం జరిగిందనో తెలిసి బయటికి వచ్చి ఉంటే, లేని తప్పు ఒప్పుకోనక్కర్లేదు. పాత సంఘంలో నమ్మకస్తుడైన పెద్ద ఒకరి చేత ఉత్తరం రాయించుకోండి. కొత్త పాస్టరు గారికి మాత్రం ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి చెప్పండి. ఆ కథ స్త్రీల కూడికలో, టీ కొట్టు దగ్గర మళ్ళీ విప్పితే పాత గొడవ కొత్త సంఘంలో మొలకెత్తుతుంది.

ఉత్తరం చదివే వరకు బల్లలో చేయి చాపకండి. నెలకోసారి బల్ల ఉండే సంఘాలున్నాయి, ప్రతి ఆదివారం ఉండేవీ ఉన్నాయి. లూథరన్, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు సంఘాల పద్ధతులు ఒకటి కావు. అందుకని శనివారమే పాస్టరు గారిని అడిగి తెలుసుకోండి.

చేరాక చాపలు పరవడమో, సండే స్కూలులో కూర్చోవడమో ఏదో ఒక పని నెలలోపే అడిగి తీసుకోండి. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, వాక్యం వినే చోటే ఇవ్వండి. కోతలప్పుడు రాలేకపోతే ముందే చెప్పండి. పెళ్ళి ప్రకటనలకైనా, సమాధుల తోటలో చోటుకైనా సంఘం చూసేది సభ్యుల పుస్తకమే. కాబట్టి ఇంట్లో అందరి పేర్లూ అందులో ఎక్కాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

మళ్ళీ ఊరు మారాల్సి వస్తే ఉత్తరం నెల ముందే అడగండి. కమిటీ నెలకోసారే కూర్చునే చోట, సామాను లారీకి ఎక్కించాక అడిగితే దొరకదు.